కాటా మీద సీలు ఉన్నా తూకం తగ్గితే బాధ్యత ఎవరిది?

కల్లంరైతు (ప్రత్తిపాడు వైపు) — సోమవారం, రాత్రి 8:40

సభ్యులందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లె, నాలుగెకరాల మిరప సేద్యం. ఈసారి సరుకును పట్నానికి తోలకుండా, కల్లం దగ్గరికే వచ్చిన ఒక వ్యాపారికి 42 టిక్కీలు (మిరప బస్తాలు) అమ్మాను. ముందురోజు సాయంత్రం మా ఇంటి కాటా మీద ఒక్కొక్క టిక్కీని నేనే తూచి, పుస్తకంలో వరుసగా రాసుకున్నాను. మరునాడు వ్యాపారి తెచ్చిన ఎలక్ట్రానిక్ కాటా మీద అవే టిక్కీలు ఒక్కొక్కటి దాదాపు 900 గ్రాములు తక్కువ తూగాయి. మొత్తం మీద అది 38 కిలోలకు దగ్గరగా ఉంటుంది.

ఇదేమిటని అడిగితే ఆయన కాటాకు వేలాడుతున్న సీసపు సీలును చూపించి, ప్రభుత్వం ముద్ర వేసిన కాటాను నువ్వు తప్పుపడతావా అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఆ ముద్ర నిజంగా దేనికి హామీ ఇస్తుంది? ఆ ముద్ర వేసినవారి దగ్గరున్న తూనిక రాయి సరైనదని ఎవరు చెప్పారు? తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత తనిఖీ అధికారి (గుంటూరు) — సోమవారం, రాత్రి 10:05

కల్లంరైతు గారూ, తూనిక రాయి సరైనదని ఎవరు చెప్పారన్న మీ రెండో ప్రశ్న చాలా మంచిది. ముందుగా దానికే జవాబు చెబుతాను, ఎందుకంటే నేను ఉద్యోగంలో ఉన్న కాలమంతా ఆ ప్రశ్న అడిగినవారు బహు తక్కువ.

మన రాజ్యాంగంలో తూనికల, కొలతల ప్రమాణాలను నిర్ణయించే అధికారం కేంద్రానిది, అది కేంద్ర జాబితాలో 50వ అంశం. ఆ ప్రమాణాలను బజారులో అమలు చేసే పని మొదట్లో రాష్ట్ర జాబితాలో ఉండేది. 1976లో 42వ సవరణ దానిని ఉమ్మడి జాబితాలోకి 33ఎ అంశంగా మార్చింది. అందువల్లనే కిలోగ్రాము అంటే ఎంత అన్నది ఢిల్లీ చెబుతుంది, మీ కల్లంలోని కాటా ఆ కిలోగ్రామును పాటిస్తున్నదా లేదా అన్నది రాష్ట్రంలోని తూనికలు, కొలతల శాఖ చూస్తుంది.

కొత్తఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన 57వ సంఖ్య గల కిలోగ్రాము నమూనా ఉంది. దేశంలోని తూకాలన్నిటికీ చాలాకాలం అదే మూలం. దానితో సరిచూసిన ప్రమాణాలు బెంగళూరు, అహ్మదాబాదు, భువనేశ్వర్, ఫరీదాబాదు, గువాహటి వంటి చోట్ల ఉన్న ప్రాంతీయ ప్రయోగశాలలలో ఉంటాయి. వాటితో రాష్ట్రాల ద్వితీయ ప్రమాణాలను, ఆ ద్వితీయ ప్రమాణాలతో తనిఖీ అధికారి కార్యాలయంలోని వాడుక ప్రమాణాలను సరిచూస్తారు. మీ వ్యాపారి కాటా మీద అధికారి పెట్టి చూసేది ఈ చివరి రాళ్లనే. గొలుసులో ప్రతి కడియానికీ కాగితం ఉంటుంది, గడువు ఉంటుంది. గడువు దాటిన రాయితో మరొకరి రాయిని పరీక్షించడానికి ఆ అధికారికి హక్కు ఉండదు.

ఇంత తతంగం ఎందుకంటే, మా నాన్నగారి కాలంలో మణుగు అంటే మన వైపు 8 వీశలు, అంటే సుమారు 11 కిలోల 200 గ్రాములు. అదే పేరుతో రైల్వేవారు వాడిన మణుగు 37 కిలోల 320 గ్రాముల పైచిలుకు. ఒకే మాటకు రెండు బరువులు ఉన్న దేశంలో సరుకు ఊరు దాటినప్పుడల్లా తెలియనివాడు మోసపోయేవాడు. 1956లో చట్టం చేసి మెట్రిక్ పద్ధతిని తెచ్చింది ఈ దుస్థితిని తొలగించడానికే. ఆ తరవాత 1976లో, 1985లో వచ్చిన చట్టాల స్థానంలో ఇప్పుడు 2009 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) చట్టం 2011 నుంచి అమలులో ఉంది.

ఇక ముద్ర సంగతి. కాటాను ముద్ర వేసిన రోజున పరీక్షించారనీ, ఆనాడు అది అనుమతించిన తేడాకు లోబడి ఉన్నదనీ మాత్రమే అది చెబుతుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికొకసారి, విడి రాళ్లకు రెండేళ్లకొకసారి మళ్లీ ముద్ర వేయించాలి. సీలు మీద సంవత్సరం, అది ఏ త్రైమాసికమో తెలిపే ఏ, బి, సి, డి అక్షరాలలో ఒకటి ఉంటాయి. ఆ రెండింటినీ మీరు చూశారా? ధ్రువపత్రం చూపించమని అడిగారా?

న్యాయవిద్యార్థి (విజయవాడ) — మంగళవారం, ఉదయం 7:20

పెద్దలు అన్యథా భావించవద్దు. ఆ కాటాకు ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడటం ముందు చేయవలసిన పని కదా? గుర్తు లేకపోతే భారతీయ ప్రమాణాల సంస్థకు ఫిర్యాదు చేయవచ్చునని నా అభిప్రాయం.

గవర్నర్‌పేట గుమాస్తా — మంగళవారం, ఉదయం 9:10

తమ్ముడూ, నేను పదిహేడేళ్లుగా బంగారం దుకాణంలో పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవారిలో సగం మందికి కాటా ముద్రనూ ఐఎస్ఐ గుర్తునూ ఒకటే అనుకునే ఇదే అయోమయం ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మా దుకాణంలో రెండు వేర్వేరు సంస్థల ముద్రలూ పక్కపక్కనే ఉంటాయి. నగ మీద ఉండే హాల్‌మార్క్ భారతీయ ప్రమాణాల సంస్థది. ఇది 1947లో ఐఎస్ఐగా మొదలై 1987 ఏప్రిల్ 1న ఇప్పటి రూపు దాల్చిన సంస్థ. నగను తూచే కాటా మీది ముద్ర తూనికలు, కొలతల శాఖది. మొదటిది 22 క్యారెట్ల నగలో వెయ్యికి 916 వంతులు బంగారం ఉన్నదా అన్న విషయం చెబుతుంది. ఆ నగ కాసు తూగిందా, కాసుకు రెండు గురిగింజలు తగ్గిందా అన్నది రెండో ముద్ర చూసుకోవలసిన సంగతి.

హాల్‌మార్క్ కూడా 2000లో మొదలైన నాటి నుంచి చాలాకాలం ఇష్టమైనవారే వేయించుకునేది. 2021 జూన్ 16న మొదటి విడతగా 256 జిల్లాలలో తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య కూడా ఉండాలన్నారు. ఐఎస్ఐ గుర్తు విషయంలోనూ పద్ధతి ఇదే. ప్రమాణం రాయడం వేరు, దానిని పాటించి తీరాలని ఆదేశం ఇవ్వడం వేరు. సిమెంటుకు, గ్యాస్ సిలిండరుకు, ద్విచక్రవాహనదారు హెల్మెట్‌కు ఆ ఆదేశం ఉంది. అన్ని వస్తువులకూ లేదు.

విశ్రాంత తనిఖీ అధికారి — మంగళవారం, ఉదయం 9:45

గుమాస్తా గారు చక్కగా చెప్పారు. ఒక్క మాట చేరుస్తాను. తూనిక యంత్రానికి నమూనా ఆమోదం అనే మెట్టు ఒకటి ఉంటుంది. కొత్త రకం కాటాను తయారుచేసిన సంస్థ ముందుగా దాని నమూనాను కేంద్రం గుర్తించిన ప్రయోగశాలలో పరీక్షకు పెట్టాలి. అక్కడ వేడిలో, చలిలో, తేమలో, విద్యుత్తు హెచ్చుతగ్గులలో అది ఎలా నిలబడుతుందో చూస్తారు. ఆమోదం వచ్చాకే దాని సంఖ్యను కాటా వెనుక రేకు మీద ముద్రిస్తారు. కాటా కొనేటప్పుడు వెతకవలసినది ఆ సంఖ్యను.

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు (తెనాలి) — మంగళవారం, మధ్యాహ్నం 1:30

చర్చలో ఎవరూ తాకని ఒక విషయం ఉంది. పాతకాలపు త్రాసు ఒక సిబ్బెలోని సరుకును మరొక సిబ్బెలోని రాయితో పోలుస్తుంది. భూమి ఆకర్షణ రెండింటి మీదా సమానంగా పనిచేస్తుంది కాబట్టి ఆ త్రాసు గుంటూరులోనైనా ఢిల్లీలోనైనా ఒకే మాట చెబుతుంది. ఎలక్ట్రానిక్ కాటాలో మాత్రం లోపలి లోహపు దిమ్మె ఎంత వంగిందో కొలిచి దానిని కిలోలుగా చూపిస్తారు. ఆ వంపు ఆ చోటి గురుత్వాకర్షణ మీద ఆధారపడి ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ అది తగ్గుతుంది. ఢిల్లీలో సరిచేసిన కాటాను మళ్లీ సరిచేయకుండా గుంటూరులో వాడితే 45 కిలోల బస్తా సుమారు 35 గ్రాములు తక్కువ చూపిస్తుంది. కాటాను వాడే చోటనే పరీక్షించి ముద్ర వేయాలని పట్టుబట్టడం వెనుక ఇటువంటి కారణాలు ఉన్నాయి.

అయితే 35 గ్రాములకూ 900 గ్రాములకూ పొంతన లేదు కాబట్టి రైతుగారి నష్టానికి ఇది కారణం కాదు. 200 కిలోలు తూగే, 20 గ్రాముల విభాగం (కాటా చూపించే అతి చిన్న తేడా) గల మామూలు మూడో తరగతి కాటాకు ఆ బరువు దగ్గర వాడుకలో అనుమతించే తేడా 60 గ్రాములు. మీది దానికి 15 రెట్లు.

రైతుగారిని ఒకటి అడుగుతాను. మీ పుస్తకంలో అన్నిటికన్నా తేలికైన టిక్కీ, అన్నిటికన్నా బరువైన టిక్కీ రెండు చోట్లా ఎంతెంత తూగాయో రాయగలరా?

కల్లంరైతు — మంగళవారం, రాత్రి 9:15

అమ్మా, పుస్తకం చూసి రాస్తున్నాను. అన్నిటికన్నా తేలికైనది నా కాటా మీద 39 కిలోల 600, ఆయన కాటా మీద 38 కిలోల 700. అన్నిటికన్నా బరువైనది నా లెక్కలో 46 కిలోల 200, ఆయన లెక్కలో 45 కిలోల 300. మిగిలినవి కూడా ఇరవై, ముప్పై గ్రాములు అటూ ఇటూగా 900 తేడాతోనే ఉన్నాయి. రాత్రి మంచు పడింది, పగలు ఎండ కాసింది, తేమ తగ్గి బరువు పోయిందని వ్యాపారి అంటున్నారు. సీలు మీది సంవత్సరం ఈ ఏటిదే, నేను చూశాను. ధ్రువపత్రం అడగాలని తెలియదు.

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు — మంగళవారం, రాత్రి 10:00

ఈ అంకెలతో చాలావరకు తేలిపోయింది. తేమ పోవడం వల్ల బరువు తగ్గితే పైవరసలోని టిక్కీకి ఎక్కువ, అడుగున ఉన్నదానికి తక్కువ తగ్గాలి, 42 టిక్కీలూ ఒకే లెక్కన తగ్గడం జరగదు. కాటా సరిచేయడంలోనే పొరపాటు ఉంటే బరువైన టిక్కీకి తేడా ఎక్కువగా, తేలికైనదానికి తక్కువగా కనిపించాలి. 39 కిలోలకూ 46 కిలోలకూ తేడా ఒక్కటే ఉన్నదంటే ఆ కాటా బాగానే తూచి, తూచినదానిలోంచి ప్రతిసారీ 900 గ్రాములు తీసివేస్తున్నదన్నమాట. కాటాల పని తెలిసినవారు దీని గురించి చెప్పాలి.

కాటాల మేస్త్రి (విజయవాడ వన్‌టౌన్) — బుధవారం, ఉదయం 6:50

నేను లైసెన్సు ఉన్న కాటా మరమ్మతుదారుని. అధ్యాపకురాలు గారు చూపించిన దారి సరైనది. కాటా ముందుభాగంలో టేర్ అని ఒక మీట ఉంటుంది. ఖాళీ సంచిని కాటా మీద పెట్టి ఆ మీట నొక్కితే సంచి బరువు సున్నా అవుతుంది. ఆ తరవాత సంచితో సహా తూచినా లోపలి సరుకు బరువు మాత్రమే కనిపిస్తుంది. మిరప టిక్కీకి వాడే గోనె దాదాపు 900 గ్రాములు తూగుతుంది. ఇది సీలు విప్పకుండా, కాటాను ఏమీ చేయకుండా జరిగే పని. అందుకే సీలు చెక్కుచెదరకుండా ఉంటుంది. వెనుకటి త్రాసులో ఒక సిబ్బెకు పాసంగం (సరితూగడానికి కట్టే చిన్న బరువు) కట్టి ఉందో లేదో రైతు కంటితో చూసేవాడు. ఇప్పుడు అదే పాసంగం ఒక చిన్న దీపంగా మారింది. నెట్ అన్న గుర్తు పక్కన ఆ దీపం వెలుగుతూ ఉంటే సంచి తరుగు ముందే తీసివేశారని అర్థం.

ఆ పని తప్పేమీ కాదు. రైతుగారిని అడగవలసింది ఏమంటే, చీటీలో మళ్లీ సంచి తరుగు రాశారా? కాటా ఖాళీగా ఉన్నప్పుడు ఎంత చూపించిందో మీరు చూశారా?

కల్లంరైతు — బుధవారం, మధ్యాహ్నం 12:20

మేస్త్రి గారూ, చీటీలో టిక్కీకి కిలో చొప్పున 42 కిలోలు సంచి తరుగు తీసివేశారు. ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ కదా అని నేను అడగలేదు. ఖాళీ కాటాను చూసే అవకాశం రాలేదు, ఒక టిక్కీ దించుతుండగానే హమాలీలు మరొకటి ఎక్కించారు.

విశ్రాంత తనిఖీ అధికారి — బుధవారం, సాయంత్రం 5:30

ఇప్పుడు బాధ్యత ఎవరిదన్న మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. ముద్ర యంత్రానికి సంబంధించినది. యంత్రంతో చేసిన పనికి చట్టంలో వేరే చోటు ఉంది. 2009 చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్న బరువుకన్నా ఎక్కువ పుచ్చుకోవడానికో తక్కువ ఇవ్వడానికో వీలు కల్పించే ఆచారం, వాడుక, పద్ధతి ఏదైనా చెల్లదు. ఆనవాయితీ అన్న మాటను మీరు అంత తేలికగా ఒప్పుకోవలసిన అవసరం లేదని చెప్పడానికే ఆ సెక్షన్ ఉంది. 30వ సెక్షన్ అమ్మేటప్పుడు తక్కువ ఇచ్చేవాడితో పాటు, కొనేటప్పుడు డబ్బు చెల్లించిన దానికన్నా ఎక్కువ సరుకును మోసంతో పుచ్చుకునేవాడిని కూడా దోషిగా చూస్తుంది. తూనికల చట్టం అంటే దుకాణంలో కొనేవారి కోసమే అనుకుంటారు చాలామంది. కల్లంలో అమ్మే రైతు కూడా అందులో ఉన్నాడు.

అయితే పొరపాటున జరిగిందా, కావాలని చేశారా అన్నది ఇక్కడ కూర్చుని మనం తేల్చలేము. ముందు కాటాను మీ కళ్లెదుట పరీక్షించండి, వారితో మర్యాదగానే మాట్లాడండి.

మంగళగిరి పచ్చళ్లు — బుధవారం, రాత్రి 8:00

అందరికీ నమస్కారం. నేను ఇంట్లో పచ్చళ్లు పట్టి పొట్లాలు కట్టి అమ్ముతాను. ఈ చర్చ చదువుతుంటే భయమేసింది. అర కిలో పొట్లంలో పది గ్రాములు తగ్గితే నేను కూడా దోషినేనా?

విశ్రాంత తనిఖీ అధికారి — బుధవారం, రాత్రి 8:35

భయపడవలసిన పని లేదు తల్లీ. ముందే కట్టిన పొట్లాలకు 2011 నాటి నిబంధనలు వేరుగా ఉన్నాయి. అర కిలో పొట్లంలో నూటికి 3 వంతులు, అంటే 15 గ్రాముల దాకా ఒక్కో పొట్లంలో తేడా రావచ్చు. అయితే పరీక్షకు తీసిన పొట్లాల సగటు మాత్రం మీరు ముద్రించిన బరువుకు తగ్గకూడదు. కొన్ని పది గ్రాములు తగ్గితే కొన్ని పది పెరగాలి. అన్నీ పదేసి గ్రాములు తగ్గితే అది చేతివాటం కిందికి వస్తుంది. మీ కాటాకు ఏటా ముద్ర వేయించుకోండి, పొట్లం మీద బరువు, ధర, కట్టిన నెల, చిరునామా స్పష్టంగా వేయండి.

న్యాయవిద్యార్థి — గురువారం, ఉదయం 7:40

నా పొరపాటు సరిచేసినందుకు గుమాస్తా గారికి కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. జిల్లాకు ఉన్న కొద్దిమంది అధికారులు ఇన్ని కాటాలను, పెట్రోలు బంకులను, వేబ్రిడ్జిలను ఏటా పరీక్షించడం కష్టం కదా? 2013 నిబంధనల ప్రకారం ప్రభుత్వం ఆమోదించిన ప్రైవేటు పరీక్షా కేంద్రాలు కొన్ని పరికరాలకు ముద్ర వేయవచ్చని చదివాను. ఆ పని అంతా వారికే అప్పగిస్తే మేలు కాదా?

విశ్రాంత తనిఖీ అధికారి — గురువారం, ఉదయం 10:15

నేను ఒప్పుకోను బాబూ. పరీక్షకు రుసుము చెల్లించేవాడు కాటా యజమాని. ఒక కేంద్రం కఠినంగా చూస్తే ఆయన మరో కేంద్రానికి వెళతాడు. అప్పుడు మెత్తగా చూసేవాడికే పని దొరుకుతుంది.

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు — గురువారం, మధ్యాహ్నం 2:05

అయ్యా, మీ ఆందోళన న్యాయమైనదే కాని, దానితో పూర్తిగా ఏకీభవించలేను. ఏటా జరిగే పరీక్ష చాలావరకు యాంత్రికమైన పని. నాలుగు మూలలా రాయి పెట్టి చూడటం, తక్కువ బరువు దగ్గరా ఎక్కువ బరువు దగ్గరా తేడా రాసుకోవడం శిక్షణ పొందినవారు ఎవరైనా చేయగలరు. ఆకస్మిక తనిఖీ మాత్రం ప్రభుత్వమే చేయాలి. ఇప్పుడు ఒకే అధికారి ఉదయం ముద్రలు వేసి, సాయంత్రం తాను ముద్ర వేసిన కాటాలనే తనిఖీ చేస్తున్నారు. ఈ చర్చలో రైతుగారికి జరిగిన నష్టాన్ని ఏ ముద్రా ఆపలేదు. కాటా వేసే వేళ ఒక అధికారి కల్లం గట్టున నిలబడి చూసి ఉంటే ఆగేది. ముద్రలు వేసే భారం తగ్గితేనే ఆ అధికారికి కల్లాలకు రావడానికి తీరిక దొరుకుతుంది.

విశ్రాంత తనిఖీ అధికారి — గురువారం, సాయంత్రం 4:50

మీ వాదంలో బలం ఉంది. కేంద్రాల పరీక్షలను శాఖ మళ్లీ పరీక్షించే ఏర్పాటు గట్టిగా ఉంటే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగిలిన సగం నేను వదులుకోలేను.

కల్లంరైతు — ఆదివారం, రాత్రి 7:30

పెద్దలందరికీ జరిగింది చెప్పాలి. నిన్న ఆ వ్యాపారి మా పక్క చేనువారి సరుకు తూచడానికి వచ్చారు. పట్నంబజారులో ఉన్న మా బంధువు దగ్గర ముద్ర వేసిన 20 కిలోల రాయి అడిగి తెచ్చుకుని నేనూ వెళ్లాను. మొదటి టిక్కీ ఎక్కించకముందే కాటా ఎదుట నిలబడ్డాను. ఖాళీ కాటా మీద సున్నాకు కింద 900 అని, ముందు తీసివేత గుర్తుతో కనిపించింది. మేస్త్రి గారు చెప్పిన దీపం వెలుగుతూ ఉంది. రాయి పెడితే 19 కిలోల 100 చూపించింది. మీట నొక్కి తరుగు తీసివేయించాక అదే రాయి సరిగ్గా 20 కిలోలు తూగింది. కాటాలో లోపం లేదు, సీలులోనూ లేదు.

వేరే ఊళ్లో నికర తూకం పద్ధతిలో కొన్నప్పుడు ఆ మీట నొక్కామనీ, తరవాత మరచిపోయామనీ వ్యాపారి చెప్పారు. నేను నమ్మానో లేదో ఇక్కడ రాయను. పది ఖాళీ గోనెలు కలిపి తూస్తే 9 కిలోల 50 గ్రాములు వచ్చాయి, అంటే చీటీలో రాసిన కిలో తరుగు కూడా వంద గ్రాములకు దగ్గరగా ఎక్కువే. 12వ సెక్షన్ మాట ఎత్తాక ఆయన వాదించలేదు. కాటాలో పోయిన 37 కిలోల 800 గ్రాములకూ, తరుగులో ఎక్కువైన దాదాపు 4 కిలోలకూ డబ్బు లెక్కకట్టి ఇచ్చారు.

మా వీధిలో పదకొండు మంది రైతులం కలిసి 20 కిలోల రాళ్లు రెండు కొని ఊరికి ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాం. మేస్త్రి గారూ, మీ దగ్గర దొరుకుతాయా? ముద్ర ఎవరు వేయించాలి? మా ఇంటి కాటాకు ముద్ర లేదని కూడా ఇప్పుడే గమనించాను.

కాటాల మేస్త్రి (విజయవాడ వన్‌టౌన్) — సోమవారం, ఉదయం 6:30

చాలా సంతోషం. అమ్మే లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనండి, ముద్ర వేసిన రాళ్లే ఇస్తారు. రాయి అడుగున ఉన్న గుంటలో సీసం నింపి దాని మీద ముద్ర కొడతారు, ఆ సీసం కదిలి ఉంటే తీసుకోవద్దు. ధ్రువపత్రం అడిగి పుచ్చుకోండి, రెండేళ్లకు గడువు గుర్తుంచుకోండి. రాళ్లను నేల మీద దొర్లించకుండా, తుప్పు పట్టకుండా గోనెలో చుట్టి పొడిచోట ఉంచండి. మీ ఇంటి కాటాను గుంటూరులోనే చూపించుకోవచ్చు. అంత దూరం నా దగ్గరకు తెస్తే దారిలో కుదుపులకు మళ్లీ తేడా రావచ్చు. తీసుకువెళ్లే ముందు కింద ఉన్న నాలుగు కాళ్లలో ఏదైనా అరిగిందేమో ఒకసారి చూడండి.